బావ ఇచ్చిన రక్తం

ఆ రెండేళ్ళూ వానలు మొహం చాటేశాయి. బాగేపల్లి చుట్టుపక్కల బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాక జనానికి పాత బావులు గుర్తొచ్చాయి. బోర్లు వచ్చిన నాటి నుంచి చెత్తా చెదారం, చచ్చిన కుక్కలు పడేసిన బావులే అవి. ఇప్పుడు పూడిక తీస్తే అడుగున నాలుగు బిందెల నీళ్ళయినా ఊరకపోతాయా అని ఆశ. గూళూరు దగ్గర మా పెద్దత్త మెట్టినింటివాళ్ళ బావిలోనూ ఊరివాళ్ళు అలాగే పూడిక తీయించారు. నీళ్ళు రాలేదు. మనిషి ఎముకలు వచ్చాయి.

నేనప్పుడు చిక్కబళ్ళాపురం హైస్కూల్లో కన్నడం చెప్పేదాన్ని. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కోపం వస్తే రెండూ అని మా ఆయన నలుగురిలో నన్ను ఆటపట్టించేవాడు. ఆ మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. బావ అంటే పెద్దత్త కొడుకు. నాకంటే చిన్నవాడే, అయినా చిన్నప్పటి నుంచీ బావ అనే పిలుపు. మామూలుగా ఫోన్లో ఊరంతా వినబడేలా అరుస్తాడు. ఆ రోజు గొంతు లేవలేదు.

"మా పాత బావిలో ఎముకలు బయట పడినాయంట. పోలీసులొచ్చుండారు. అమ్మకింకా చెప్పలేదు. నువ్వొస్తే చెప్దాము."

"ఎవరివి?" అన్నాను.

"ఎవురివో ఎట్ల తెలస్తాది? మొగమనిషివంట." గొంతు ఇంకా తగ్గించి అన్నాడు, "నాయనవేమో."

పెద్దత్త మా నాయనకు అక్క. ఆమె భర్తను మేము మామ అనేవాళ్ళం. చేనిగట్టు విషయంలో మామకు దాయాదులతో తగాదా నడుస్తుండేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక పొద్దున ఆ గొడవ పనిమీదే బాగేపల్లి తాలూకా కచేరికి పోతున్నానని చెప్పి ఇంట్లోంచి బయలుదేరాడు. కచేరికి చేరలేదు. ఇంటికీ తిరిగి రాలేదు. నాకు ఆయన మొహం సరిగ్గా గుర్తు లేదు గానీ పన్ను గుర్తుంది. పైవరసలో ఒక పన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉండేది. నవ్వితే ముందు అదే కనబడేది. దాన్ని వేలితో తాకనిమ్మని పిల్లలం పోరుపెట్టేవాళ్ళం. తాకబోతే కరిచేవాడిలా నోరు తెరిచేవాడు.

మామ మాయమయ్యాక ఆయన్ను చూసినవాళ్ళకు కరువు లేకపోయింది. ఒకరికి తిరుపతిలో గుండుతో కనబడ్డాడు. ఇంకొకరికి బెంగళూరు మార్కెట్లో మూటలు మోస్తూ కనబడ్డాడు. కదిరిలో ఇంకో పెళ్ళాంతో కాపురం చేస్తున్నాడని కూడా అన్నారు. ఈ చివరిది దాయాదుల ఇంట్లో పుట్టిన మాట. ఆ మాటలు పడలేక పెద్దత్త పిల్లవాణ్ణి చంకనేసుకుని పుట్టింటికి, దిబ్బూరహళ్ళికి వచ్చేసింది. మా నాయన ఇచ్చిన మల్బరీ తోటలో పట్టుపురుగులు పెంచుకుంటూ వాణ్ణి పెద్దవాణ్ణి చేసింది.

మనిషి జాడ పన్నెండేళ్ళు తెలియకపోతే మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. మోదుగాకులు పరిచి మనిషంత బొమ్మ చేస్తారు. మంత్రాలు చదివి కొడుకు చేత దానికి నిప్పు పెట్టిస్తారు. ఆ రోజుతో ఆ మనిషి పోయినట్టు లెక్క. భార్య బొట్టు, గాజులు తీసేస్తుంది, ఏటా తద్దినం మొదలవుతుంది. గడువు దాటాక పురోహితుడు వచ్చి పెద్దత్తకు ఈ సంగతి చెప్పాడు. మా నాయన బతిమాలాడు. ఆమె వినలేదు.

"ఆకులకు నిప్పు పెట్టి ఆయన పొయినాడంటారా? రేపు ఆయనొచ్చి తలుపు తడితే ఏమని చెప్పేది? నాకు మనిషన్నా కావల్ల, ఎముకలన్నా కావల్ల. ఆకులొద్దు."

ఇక ఆ మాట మీదే ఉండిపోయింది. అలా ఉండటం ఎంత కష్టమో నేను పెరిగే కొద్దీ తెలిసింది. పెళ్ళిళ్ళలో పసుపు దంచడానికి ముత్తైదువలను పిలిచేటప్పుడు ఆమె ముందుకు వచ్చేసరికి పిలిచేవాళ్ళు పక్కకు చూసేవాళ్ళు. అలాగని వితంతువుల్లో కూర్చోబెట్టే ధైర్యమూ ఎవరికీ లేదు. ఇంత బొట్టు పెట్టుకుని, నిండా గాజులు వేసుకుని, మా అత్త పెళ్ళి పందిట్లో స్తంభం పక్కన నిలబడి ఉండేది. నాకు ఒళ్ళు మండేది. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి రోలు దగ్గర కూర్చోబెట్టాలనిపించేది. ఆమె మాత్రం, "వద్దులే అమ్మణ్ణీ, తేలనీ," అనేది. ఆయన ఉన్నాడో లేడో తేలాలి, లేకపోతే ఆయన ఎముకలు నీళ్ళలో కలపాలి. జీవితంలో ఆమె అడిగింది ఇంతే.

నేను వెళ్ళేసరికి పెద్దత్త మల్బరీ ఆకు తరుగుతోంది. బావ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. నేనే చెప్పాను. ఆమె కత్తి పక్కన పెట్టింది, చేతులు కొంగుతో తుడుచుకుంది.

"పన్ను చూసినారా?" అంది.

ఆమె ఏడుస్తుందనీ, పట్టుకోవాలనీ నేను సిద్ధపడి వెళ్ళాను. ఆమె చీర మార్చుకుని నాకంటే ముందు బస్సెక్కింది.

బావి దగ్గర పోలీసులు కట్టిన తాడుకు ఇవతలే మమ్మల్ని ఆపేశారు. ఎముకల మీద పెద్ద పెద్ద బండరాళ్ళు పడి ఉన్నాయని పూడిక తీసినవాళ్ళు చెప్పుకుంటున్నారు. దాయాదులు దూరంగా చెట్టు కింద నిలబడి బీడీలు కాలుస్తున్నారు. పెద్దత్త ఎస్సై దగ్గరికి వెళ్ళి పన్ను సంగతి చెప్పింది. తల నిండా బురద ఉందనీ, డాక్టరు చూసేదాకా ఎవరూ ముట్టుకోకూడదనీ ఆయన కన్నడంలో చెప్పాడు. పక్కనున్న కానిస్టేబుల్ మా వైపు మనిషే. అతను ఆమెకు విడమరిచి చెప్పాడు.

"పన్ను చూసి చెప్పే కాలం పొయిందమ్మా. ఇప్పుడు డీఎన్ఏ అని ఉండాది. రక్తం తీసి, ఎముకతో కలిపి చూస్తారు. అదైతే అబద్ధమాడదు. ఆయప్పకు రక్త సంబంధం ఎవురుండారు?"

"కొడుకుండాడు," అంది పెద్దత్త.

"కొడుకు," అన్నాను నేను.

"నేనే సార్," అన్నాడు బావ.

మాతో వచ్చిన మా నాయన కూడా తలాడించాడు. పెద్దత్త తన చెయ్యి కూడా చాపింది. కానిస్టేబుల్ నవ్వాడు. "నీదెందుకమ్మా, నువ్వు వేరే ఇంటి బిడ్డవి గదా," అన్నాడు. అందరికీ అది న్యాయంగానే తోచింది.

రక్తం ఇచ్చే రోజున బావ తలస్నానం చేసి, పంచె కట్టుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఆస్పత్రికి వచ్చాడు. తండ్రికి తద్దినం పెట్టేవాడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. నర్సు సూది తీసేసరికి కళ్ళు తిరిగి బెంచీ మీద ఒరిగిపోయాడు. తినకుండా ఎవరు రమ్మన్నారని ఆమె గట్టిగా తిట్టింది. సోడా తాగించి కూర్చోబెడితే, "నాయనకు ఇంతవరకూ నేను చేసింది ఏముండాది? ఇదొక్కటే," అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతనికి తండ్రి ఒక ఫోటో కూడా కాదు. మామకు ఫోటోలే లేవు.

రక్తాన్నీ తొడ ఎముక ముక్కనూ బెంగళూరు ల్యాబుకు పంపారు. మిగిలిన ఎముకలు మూటకట్టి స్టేషన్లో ఉంచారు. ఫలితం రావడానికి ఏడాది పైనే పట్టింది. ఈలోగా దాయాదులు ఆ బావిని మట్టితో పూడ్చి చదును చేసేశారు, పిల్లలు పడిపోతారని చెప్పి. ఎన్నో ఏళ్ళుగా పిల్లలు పడతారని తోచనివాళ్ళకు ఇప్పుడెలా తోచిందని నేను అడిగాను. పెద్దత్త ఆ గొడవలోకి రాలేదు. ఆమె మనసులో అంతా అయిపోయింది. బీరువాలోంచి తెల్లచీర ఒకటి తీసి ఉతికి ఆరేసింది. కాశీకి వెళ్ళాలంటే రైలు ఎక్కడ ఎక్కాలని నన్ను అడిగింది.

రిపోర్టు వచ్చిందని పిలిస్తే నేనూ బావా వెళ్ళాం. ఎస్సై చదివి, తెలుగులో రెండు ముక్కల్లో చెప్పాడు. ఈ ఎముకల మనిషికీ రక్తం ఇచ్చిన మనిషికీ తండ్రీకొడుకుల సంబంధం లేదు. ఇది వేరెవరో. బతికిపోయారు, వెళ్ళండి.

ఇంటికి వచ్చి చెబితే చుట్టాలంతా సంతోషించారు. నీ పసుపు కుంకుమ గట్టిదని పెద్దత్తను మెచ్చుకున్నారు. ఒకామె స్వీటు పొట్లం కూడా తెచ్చింది. పెద్దత్త ఆ పొట్లం వైపు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఆమెలో మొదలైన మార్పు చూడలేకపోయాను. ఎముకలు ఆయనవి కాకపోతే ఆయన ఎక్కడో ఉన్నట్టే కదా. చింతామణి బస్టాండులో ముసలివాళ్ళ ఎదురుగా వెళ్ళి నిలబడేది. బస్సులో ఎవరైనా పెద్దాయన ఆవులిస్తే వంగి నోట్లోకి చూసేది. ఒకాయన కోపగించుకుని తిట్టాడు కూడా. డెబ్బై ఏళ్ళ మొగుణ్ణి పన్ను చూసి వెతుక్కుంటున్న మనిషికి ఏం చెప్పి ఆపాలో నాకు తెలియలేదు.

ఇంకో రెండు వారాలకు స్టేషన్ నుంచి బావను ఒక్కణ్ణే పిలిచారు. ఏదో సంతకం అన్నారు. సాయంత్రం తిరిగి వచ్చి, ఇంట్లోకి రాకుండా తొట్టి దగ్గర నిలబడి తల మీద నీళ్ళు పోసుకున్నాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. స్టేషన్‌కు వెళ్ళొచ్చినందుకు తలస్నానమేమిటి బావా, ఎస్సై అంటుకున్నాడా అని ఎగతాళి చేశాను. తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ నా మాటకు మాట అంటించే మనిషి.

వేసవి సెలవుల్లో దిబ్బూరహళ్ళిలో ఉన్నాను. పురుగులు గూళ్ళు కట్టేశాయి. చంద్రికల మీంచి గూళ్ళు ఒలుస్తూ పెద్దత్తా నేనూ కూర్చున్నాం. వెదురు తడికె మీద చుట్లు చుట్లుగా పట్టీ బిగించి ఉంటుంది చంద్రిక. ఆ సందుల్లో గూళ్ళు అంటుకుని ఉంటాయి. ఆ పంట గూళ్ళు లేత పసుపు రంగులో నిగనిగలాడుతున్నాయి.

"అమ్మణ్ణీ, రక్తంలో ఎట్ల తెలస్తాదే ఎవురి కొడుకో?" అంది పెద్దత్త. అప్పటికి ఎన్నోసార్లు అడిగింది. అంతకుముందు నేను ఏదో అని దాటేశాను. ఆ రోజు చేతిలో గూడు ఉంది కాబట్టి దాన్నే చూపించాను.

"ఈ గుడ్లు ఎక్కడివి?"

"గుడ్ల కేంద్రంలోవి. తల్లి మన మైసూరు జాతి, పచ్చగూడుది. తండ్రి తెల్లగూడుది."

"గూడు చూసి నీకెట్లా తెలుస్తుంది?"

"తెలీకేమి. రెండూ కలిస్తే ఈ రంగొస్తాది. రెండూ తెల్లవే అయితే ఈ రంగు ఏల వస్తాది?"

"అంతే అత్తా. పిల్లవాడి రక్తంలో తల్లిది సగం ఉంటుంది, తండ్రిది సగం ఉంటుంది. బావ రక్తంలో ఉన్న తండ్రి భాగం ఆ ఎముకల్లో కనబడలేదు. అందుకే ఆయన కాదన్నారు."

పెద్దత్త చేతులు ఆగిపోయాయి. నా మొహంలోకి చూసింది. గూడు పట్టుకున్న నా చేతి వైపు చూసింది. బావ వాకిట్లో గోనెసంచులు దులుపుతున్నాడు. ఆమె గొంతు తగ్గించింది.

"వాడు మన తట్టలో పెరిగిన పురుగే గానీ, గుడ్డు ఆయనది కాదు గదా అమ్మణ్ణీ."

ఇంతవరకూ చదివినవాళ్ళకు నేను ఒక సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. మా ఇంట్లో దాన్ని చెప్పే అలవాటే లేదు. బావ పెద్దత్త కడుపున పుట్టలేదు. చింతామణిలో ఉండే మా చిన్నత్త మూడో కొడుకు. పెద్దత్తకు పిల్లలు లేరని, చెల్లెలు తన ఏడాదిన్నర పిల్లవాణ్ణి పసుపు గుడ్డలో పెట్టి అక్క ఒళ్ళో వేసింది. మామ చేతులు చాపి అందుకున్నాడు. హోమం జరిగింది. పిల్లవాడి గోత్రం మారింది, ఇంటిపేరు మారింది. ఇక ఆ రోజు నుంచీ కన్నతల్లి వాడికి చిన్నమ్మ. అసలు సంగతి ఎత్తితే నాలుక కోస్తానని మా అవ్వ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పింది. అవ్వ పోయినా ఆ భయం మాలో ఉండిపోయింది. ఉండీ ఉండీ అది భయంగా కూడా మిగల్లేదు. నిజంగానే మరిచిపోయాం.

ఎంతగా మరిచిపోయామంటే, బావకు పెళ్ళిచూపులు చూస్తున్నప్పుడు పాతపాళ్య నుంచి మంచి సంబంధం వచ్చింది. అందరికీ నచ్చింది. తీరా ఆ పిల్ల ఇంటిపేరూ మామ ఇంటిపేరూ ఒకటేనని తేలింది. అన్నాచెల్లెళ్ళు అవుతారని తాంబూలాలు వెనక్కి ఇచ్చేశారు. ఆ పిల్లకూ వీడికీ బొట్టు రక్తం కలవదు. ఆ ఇంటిపేరు కూడా ఏదో ఊరి పేరు. ఎన్నో తరాల కిందట మామ వాళ్ళ పెద్దలు ఆ ఊరి నుంచే ఇటు వచ్చారంటారు. ఆ ఊరు ఎక్కడుందో ఎవరూ చూడలేదు. చూడని ఊరి పేరును నమ్మి పెళ్ళి ఆపేసినవాళ్ళం, రక్త సంబంధం ఎవరని పోలీసులు అడిగితే అదే నమ్మకంతో బావను చూపించాం. అతని రక్తంలో సగం మా చిన్నత్తది, సగం చిన్నత్త మొగుడిది. మామది ఒక్క చుక్క లేదు. ల్యాబువాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పారు. పట్టుపురుగు గుడ్డు కొనేటప్పుడు తల్లి ఏది తండ్రి ఏదని పదిసార్లు అడిగే ఇల్లు మాది.

"మామ అక్క ఉంది కదా గూళూరులో. ఆమె రక్తం ఇస్తే తేలిపోతుంది," అన్నాను.

"ఇస్తాది. తమ్ముడంటే ఆయమ్మకు పానం. కానీ వాడికి ఎవురు చెప్తారు?" అంది పెద్దత్త. నువ్వు నా కొడుకువు కాదు అనే మాట ఆమె నోటితో ఎలా అంటుంది? ఆ పని నా మీద పడింది. అవ్వ బతికుంటే నా నాలుక కోసేది.

వాకిట్లోకి వెళ్ళి చెప్పాను. బావకు తెలియనిది కాదు. చింతామణి వెళ్ళినప్పుడల్లా చిన్నత్త అతనికి అన్నం పెడుతూ మొహం పక్కకు తిప్పుకోవడం నేనే చూశాను. అయినా అతని ఎదుట ఆ మాట ఎవరూ అనలేదు. ఇప్పుడు నేను అన్నాను. అతను చేతిలో సంచి మడిచాడు. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచాడు.

"అవును గదా," అన్నాడు. సంచి కింద పెట్టి, "అందరికీ తెలుసును గదా. నన్నేల పంపిస్తిరి?" అని అడిగాడు.

"కొడుకువి కాబట్టి," అన్నాను.

మర్నాడు ఇద్దరం స్టేషన్‌కు వెళ్ళాం. బావ లోపలికి రాలేదు, గేటు దగ్గరే బండి మీద కూర్చున్నాడు. పాత ఎస్సై బదిలీ అయ్యాడు. ఆ కానిస్టేబులే ఉన్నాడు. అంతా చెబితే నోరు తెరిచి విన్నాడు. తల పట్టుకున్నాడు.

"ఏమమ్మా, ఆ పొద్దే ఒక మాట చెప్పకూడదా?"

"ఇప్పుడు చెబుతున్నాను కదప్పా. ఆయన అక్క ఉంది. రక్తం ఇస్తుంది. మళ్ళీ చూడమనండి."

"దేంతో చూసేదమ్మా? పంపించిన ముక్కను పొడి చేసి చూసేసినారు. అది మిగల్లేదు. మిగతావి రిపోర్టు వచ్చినాక ఎవురూ లేరని పూడ్చేసినాము. అనాథ శవాలు పూడ్చే తావులోనే. యాడ తవ్వుతాము? దాని పైన, పక్కన ఎన్నో పడినాయి."

"పూడ్చే ముందు మాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా!" అని అరిచాను. స్టేషన్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. కానిస్టేబుల్ ఏదో అనబోయి, కిటికీలోంచి గేటు వైపు చూసి ఊరుకున్నాడు. ఆ చూపు ఎందుకో నాకు ఆ రోజు అర్థం కాలేదు.

ఇంటికి వచ్చి చెప్పాం. పెద్దత్త మా ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. ఖాళీ గ్లాసులు అందుకుంటూ, "అయితే ఇంక ఆకులే," అంది.

ఆకులబొమ్మ దహనం చిత్రావతి ఏటి ఇసుకలో పెట్టుకున్నారు. ఏటిలో నీళ్ళు లేవు. ఆ ఏడు ఎక్కడా లేవు. పురోహితుడు దర్భలు పరిచి, మోదుగాకులు ఒక్కొక్కటే పేర్చుకుంటూ వచ్చాడు. కాళ్ళు, నడుము, చేతులు వచ్చాయి. తల ఉండాల్సిన చోట కొబ్బరికాయ పెట్టాడు. మా నాయన, నేను, గూళూరు నుంచి వచ్చిన మామ అక్క, చింతామణి నుంచి చిన్నత్త. చిన్నత్త అందరికంటే వెనక, దూరంగా నిలబడింది. పెద్దత్త ఇసుకలో కూర్చుని, ఎవరికీ ఆ శ్రమ పెట్టకుండా గాజులు తనే తీసి కొంగులో వేసుకుంది. గాజులు లేని ఆ చేతులు నాకు వేరే ఎవరివో అనిపించాయి.

బావ కొరివి పట్టుకుని వచ్చాడు. తల దగ్గర ఆగాడు. కొబ్బరికాయనే చూస్తూ నిలబడిపోయాడు.

"నేను పెట్టొచ్చునా?" అన్నాడు.

పురోహితుడికి అర్థం కాలేదు. "కొడుకువి నువ్వే కదప్పా," అన్నాడు.

"అమ్మా, పన్ను ఉన్నింది," అన్నాడు బావ.

పెద్దత్త తలెత్తింది.

"స్టేషన్లో మూట విప్పి నాకు చూపించినారు. బురదంతా కడిగి పెట్టుండారు. పైపన్ను ఎక్కి ఉన్నింది, నువ్వు చెప్పినట్లే. తీసకపోతావా, లేకుంటే మేమే పూడ్చేస్తామన్నారు. మిషను కాదన్నాది గదా, ఇట్లాంటి పన్ను ఎంతమందికి లేదు అనుకుంటిని. నా కండ్లను నేనే నమ్మకపోతిని. మాకు సంబంధం లేదు సార్ అని సంతకం పెట్టి వస్తిని."

మామ అక్క నోట్లో కొంగు కుక్కుకుంది. నాకు ఆ రోజు తొట్టి దగ్గర అతను పోసుకున్న నీళ్ళు గుర్తొచ్చాయి. సంబంధం లేదని సంతకం పెట్టి వచ్చి, చావు మైల పట్టినవాడిలా స్నానం చేశాడు. ఆ రోజు అది చూసి నేను నవ్వాను. పెద్దత్త లేచి అతని దగ్గరికి వెళ్ళింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. అతని మోచెయ్యి పట్టుకుని కొరివిని కిందికి వంచింది.

"ఆరిపోతాది నాయనా. పెట్టు," అంది.

ఎండాకులు కాబట్టి ఇట్టే అంటుకున్నాయి. మేము చేతులు కట్టుకుని నిలబడి ఉండగానే అయిపోయింది. కొబ్బరికాయ ఒక్కటీ కాసేపు కాలి పగిలింది.

మామూలుగా అయితే దహనం మర్నాడు చెంబు తీసుకెళ్ళి ఎముకలు ఏరుకొస్తారు. ఆకులబొమ్మకు ఆ పని లేదని పురోహితుడు ముందే చెప్పాడు. అయినా తెల్లవారాక బావ రాగిచెంబు తీసుకుని బండెక్కాడు. చిత్రావతికి కాదు, ఆ అనాథ శవాల తావుకు వెళ్ళాడని మాకు తర్వాత తెలిసింది. అక్కడ కంపచెట్లూ మట్టి దిబ్బలూ తప్ప గుర్తేమీ లేదు. పొద్దుగూకే వేళకు ఒళ్ళంతా ముళ్ళు గీరుకుని తిరిగి వచ్చాడు. ఖాళీ చెంబు గడప మీద పెట్టాడు. పెద్దత్త దాన్ని తీసుకుని, లోపల చెయ్యి పెట్టి అడుగంతా తడిమి చూసింది.